సమస్య - పరిష్కారం: కౌన్సిల్‌లో "ఆ డబ్బులు ఏమయ్యాయి" అని అడిగితే జవాబు ఎందుకు రాదు

కౌన్సిలర్ లేచి "మా వార్డు డ్రైనేజీకి ఇచ్చిన డబ్బులు ఏమయ్యాయి సార్" అని గట్టిగా అడుగుతాడు, ఆఫీసర్ "పరిశీలించి చెప్తాం" అంటాడు, ఛైర్మన్ తర్వాతి అంశం అంటాడు, అయిపోయింది. వచ్చే మీటింగ్‌లో మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. వెంటనే అవినీతి అనేస్తాం మనం. ఒక్కోసారి అదే అయ్యుంటుంది కూడా, కానీ చాలాసార్లు ప్రశ్న అడిగిన తీరే అవతలివాళ్లు జారిపోడానికి వీలుగా ఉంటుంది. కొత్తగా గెలిచినవాళ్లకీ, వాళ్ల వెనక కూర్చుని కాగితాలు చూసేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నా. ఏ దేశంలో అయినా పదవుల పేర్లు, ఫైళ్ల పేర్లు మారతాయేమో గానీ రోగాలు ఇవే.

లక్షణం: అడిగిన ప్రతిసారీ వేరే లెక్క చెప్తారు

ఒకసారి వంద అంటారు, ఇంకోసారి అరవై అంటారు, కాగితం తీస్తే ముప్పై ఉంటుంది. సభలో గొడవ మొదలవుతుంది, పేపర్లో "వాగ్వాదం" అని వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

కారణం: అన్నీ నిజాలే అయ్యుండొచ్చు. కేటాయింపు వేరు, మంజూరు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. బడ్జెట్‌లో ఆ పద్దు కింద రాసుకున్నది కేటాయింపు, అది ఆశ మాత్రమే. ఫలానా పనికి ఎస్టిమేట్ వేసి సంతకం పెడితే మంజూరు. పైనుంచి గానీ సొంత ఖజానా నుంచి గానీ డబ్బు నిజంగా కదిలితే విడుదల. బిల్లు కట్టేస్తే ఖర్చు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారే, కేటాయింపుకీ విడుదలకీ మధ్య జరిగేది అదే. మనం "ఎంత ఇచ్చారు" అంటాం, ఆ "ఇచ్చారు"లో నాలుగూ పడతాయి కాబట్టి ఆఫీసర్ తనకి అనుకూలమైన నంబర్ చెప్తాడు, అబద్ధం మాత్రం చెప్పడు.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని ఎవరూ అడగరు: పెండింగ్ బిల్లులు. పని అయిపోయింది, బిల్లు కట్టలేదు, అది వచ్చే ఏడాది డబ్బుని తినేస్తుంది. కొత్త బడ్జెట్ పెట్టేటప్పటికే అందులో కొంత నిన్నటి పనులకి పోయి ఉంటుంది, మనం మాత్రం మొత్తం చేతిలో ఉందనుకుని కొత్త రోడ్లు అడుగుతుంటాం.

పరిష్కారం: ఒక పని, ఒక తేదీ, ఆరు గడులు. "ఫలానా పని, ఫలానా తేదీ నాటికి, కేటాయింపు ఎంత, మంజూరు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత, ఇంకా కట్టాల్సిన బిల్లు ఎంత, నేల మీద పని ఎంతవరకు వచ్చింది" అని రాసి ఇవ్వండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది. రాసిచ్చినదానికి ఇన్‌వార్డ్ నంబర్ (ఆఫీసుకి అందినట్టు వేసే నంబర్) తీసుకోండి, జవాబు కూడా రాతలోనే కావాలని అందులోనే అడగండి. ఆరు గడుల్లో ఏది ఖాళీగా వస్తే రోగం అక్కడుంది. విడుదల గడి ఖాళీ అయితే కాంట్రాక్టర్ మీద అరిచి లాభం లేదు, ఖర్చు గడి నిండి పని గడి ఖాళీ అయితే మాత్రం ఇక వదలకూడదు.

లక్షణం: "అది అప్పుడే పాస్ అయింది కదండీ, మీరూ సభలో ఉన్నారు"

దీనికి నోరు పెగలదు ఎవరికైనా. నిజంగానే ఉన్నాం, చెయ్యి కూడా ఎత్తాం.

కారణం: నలభై అంశాలు కలిపి ఒకేసారి మూజువాణి ఓటుతో ఆమోదించడం, లేదంటే అప్పటికప్పుడు టేబుల్ ఎజెండా అని ఒక కాగితం చేతిలో పెట్టి పది నిమిషాల్లో పాస్ చేయించడం. ముఖ్యమైనది ఎప్పుడూ ముప్పయ్యారో అంశంలోనే ఉంటుంది ఎందుకో మరి.

పరిష్కారం: ఎజెండా ముందుగా ఎన్ని రోజులకి ఇవ్వాలో మీ కౌన్సిల్ రూల్స్‌లో ఉంటుంది, ఆ లైన్‌ని ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. డబ్బు ఉన్న అంశాన్ని విడిగా చర్చకి తీయమని పేరు పెట్టి అడగండి. ఒప్పుకోకపోతే "నా అసమ్మతిని మినిట్స్‌లో రాయండి" (అంటే సభలో జరిగింది రాసుకునే రికార్డులో) అని చెప్పి, తర్వాతి మీటింగ్‌లో మినిట్స్ ఆమోదించే ముందు రాశారో లేదో చూడండి, ఎందుకంటే రాయకుండా వదిలేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. వాకౌట్ చేస్తే ఫొటో వస్తుంది, మినిట్స్‌లో మాత్రం మీరు లేని టైంలో ఏకగ్రీవం అని పడుతుంది.

అసలు ప్రశ్న అడగాల్సిన టైం బడ్జెట్ తయారవుతున్న నెలల్లో. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే నగరం 1989లో మొదలుపెట్టింది ఇదే, కొత్త పనులకి పెట్టే డబ్బులో ఏది ముందు ఏది వెనక అన్నది జనమే పేటల వారీగా కూర్చుని తేల్చేవాళ్లు, బడ్జెట్ అచ్చయ్యాక కాదు, ముందే. అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా మీ వార్డు అవసరాలు వరసగా రాసి ఆ నెలల్లోనే ఇస్తే, తర్వాత "మా లిస్టులో మూడోది ఎందుకు తీసేశారు" అని అడగడానికి ఆధారం ఉంటుంది.

లక్షణం: "అది కాన్ఫిడెన్షియల్ సార్"

కారణం: కొంత న్యాయమే. టెండర్ తెరవకముందు ఎవరు ఎంత కోట్ చేశారో చెప్పకూడదు. కానీ ఆ మాటని పని అయిపోయాక కూడా వాడేస్తారు, ఎందుకంటే అది వినగానే చాలామంది కూర్చుండిపోతారు. ఇంగ్లండ్‌లో థరక్ అనే కౌన్సిల్ సోలార్ వ్యాపారంలో వందల మిలియన్ల పౌండ్లు పెట్టింది, అదీ అప్పు తెచ్చి, వివరాలు అడిగితే వాణిజ్య రహస్యం అన్నారు. 2022 డిసెంబరులో లెక్కలు సరిపెట్టలేకపోతున్నామని సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు. రహస్యం అన్నంతకాలం రహస్యంగానే మునిగింది.

పరిష్కారం: ఏ రూల్ ప్రకారం రహస్యమో రాసివ్వమనండి, సగం కేసుల్లో ఇక్కడే ఫైల్ బయటకొస్తుంది. అప్పటికీ ఇవ్వకపోతే కాపీ వద్దు, ఆఫీసులోనే కూర్చుని చూస్తా అనండి. అదీ కుదరకపోతే పౌరుడిగా అడగండి, కౌన్సిలర్‌గా దొరకనిది పౌరుడిగా దొరకడం వింతగానే ఉంటుంది గానీ జరుగుతుంది. ఇండియాలో సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంగ్లండ్‌లో ఏటా 30 పనిదినాలు లెక్కల పుస్తకాలు, బిల్లులు, వోచర్లు అక్కడివాళ్లు వెళ్లి చూడొచ్చు, ఆ రోజులు దాటితే మళ్లీ ఏడాదే.

లక్షణం: కాగితం మీద పూర్తయింది, నేల మీద లేదు

కారణం: కొలతల పుస్తకంలో రాసినవాడు స్పాట్‌కి వెళ్లకపోవడం, లేదా వెళ్లీ రాసిచ్చేయడం. ఇంకో సాదా కారణం కూడా ఉంది, పని పేరు ఒకటే పెట్టి వేరే వీధిలో చేసేస్తారు, మనం తప్పు వీధిలో వెతుకుతుంటాం, కాబట్టి దొంగ అనే ముందు మ్యాప్ చూడండి.

పరిష్కారం: ఎస్టిమేట్ కాపీ, కొలతల పుస్తకం కాపీ, ఒక టేపు. అంతే. పొడవు, వెడల్పు, మందం కొలిచి ఫొటోలు తీసి ఆ వీధివాళ్ల ముందే చదవండి. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు జన్ సున్‌వాయి (జనం ముందు విచారణ) పేరుతో చేసింది ఇదే, మస్టర్ రోల్స్ అంటే కూలీల హాజరు పట్టీలు ఊరి మధ్యలో గట్టిగా చదివారు, పనికొచ్చి కూలి తీసుకున్నట్టు రాసిన పేర్లలో ఎప్పుడో చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయని విన్నవాళ్లే చెప్పారు. ఆడిటర్ ఆఫీసులో కూర్చుంటే అది ఎప్పటికీ దొరకదు. ఆ పోరాటాల్లోంచే వచ్చిన 2005 సమాచార హక్కు చట్టంలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది, కాగితాలే కాదు, పనిని తనిఖీ చేయడానికీ, వాడిన సామాను శాంపిల్ తీసుకోడానికీ కూడా హక్కుంది.

లక్షణం: అన్నీ చిన్న చిన్న పనులే, అన్నీ ఒకరికే

కారణం టెండర్ పరిమితి, అంటే ఇంత మొత్తం దాటితేనే టెండర్ పిలవాలన్న గీత. ఒక పెద్ద పనిని ముక్కలు చేస్తే ఏ ముక్కకీ టెండర్ అక్కర్లేదు, నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా నేరుగా ఒకరికి, ఇచ్చేయొచ్చు. ఏడాది బిల్లులన్నీ పేరు వారీగా, తేదీ వారీగా ఒక షీట్‌లో వేస్తే చాలు, ఒకే వారంలో ఒకే వీధికి పరిమితికి కాస్త కిందే ఐదు బిల్లులు కనపడతాయి.

లక్షణం: "డబ్బుంది, కానీ దీనికి వాడకూడదు"

ఇది చాలావరకు నిజమే, తాగునీటికి వచ్చినది లైట్లకి పెట్టలేరు. ఏ షరతు మీద వచ్చిందో ఆ ఆర్డర్ కాపీ ఒక్కటి అడగండి, అందులో ఉంటే ఒప్పుకోండి, లేకపోతే అడగండి. షరతులేని సొంత ఆదాయం ఎంతో కూడా అప్పుడే అడగండి, ఎందుకంటే మీరు నిజంగా మాట్లాడగలిగేది దాని గురించే.

లక్షణం: "ఈయన రాజకీయం చేస్తున్నాడు" అని కొట్టిపారేస్తారు

కారణం సగం మనలోనే ఉంటుంది. సొంత వార్డు గురించే అడిగితే అలాగే అంటారు, అన్ని వార్డుల లెక్క ఒకే టేబుల్‌లో పెట్టి అడిగితే అనలేరు, పైగా మిగతా సభ్యులు కూడా తలెత్తి చూస్తారు. ఇంకా ముఖ్యం, మీ బావమరిదికి ఏదైనా కాంట్రాక్ట్ ఉంటే ముందే చెప్పి ఆ అంశం నుంచి లేచి బయటికి పోండి. కాలిఫోర్నియాలో బెల్ అనే చిన్న ఊళ్లో 2010లో బయటపడింది, సిటీ మేనేజర్ జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, అడగాల్సిన కౌన్సిల్ సభ్యుల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్ పనికి, పేరుకే ఉన్న బోర్డుల పేరుతో, లక్ష డాలర్ల దాకా తీసుకుంటున్నారు. వాళ్లెందుకు అడుగుతారు?

ఇవన్నీ అయ్యాక కూడా గడులు ఖాళీగానే ఉంటే ఆడిట్ రిపోర్ట్ తెప్పించండి, ముఖ్యంగా పాత అభ్యంతరాల భాగం. మీరు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న మూడేళ్ల కిందే ఆడిటర్ అడిగి ఉంటాడు, పక్కన "జవాబు రావలసి ఉంది" అని ఉంటుంది. ఆ పేజీ నంబర్, పేరా నంబర్ మీ లెటర్ మొదటి లైన్లోనే వేసి ఇవ్వండి.