టీమ్ దూకుడుగా ఆడుతోందా, ఆచితూచి ఆడుతోందా? మ్యాచ్ చూస్తూ పసిగట్టడం ఎలా

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ గానీ యూరప్ దేశాల టోర్నీ యూరో గానీ మొదలైతే చాలు, హాఫ్‌టైమ్ కూడా కాకముందే "వీళ్లు భయపడుతూ ఆడుతున్నారు" అనే మాట వినిపిస్తుంది. చాలామంది ఆ మాట అనేది బాల్ ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందో చూసి, లేదంటే మ్యాచ్‌కి ముందు స్క్రీన్ మీద వేసే 4-3-3, 5-4-1 లాంటి అంకెలు (వెనక, మధ్య, ముందు ఎంతమంది అన్న లెక్క) చూసి. ఆ రెండూ ముందు పక్కన పెట్టేయండి. 2022లో ఖతార్‌లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చింది, 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ రాలేదు, పెనాల్టీ షూటౌట్‌లో కొట్టిన మూడు కిక్‌లూ వృథా అయ్యి ఇంటిదారి పట్టింది. బాల్ అంతసేపూ స్పెయిన్ దగ్గరే ఉంది కాబట్టి స్పెయిన్ దాడి చేసిందనుకుంటే పొరపాటే. బాల్ మన కాళ్ల దగ్గరుంటే అవతలివాళ్లు గోల్ కొట్టలేరు కదా అన్న జాగ్రత్త అందులో చాలా ఉంది. 2010లో కప్పు గెలిచిన స్పెయిన్‌దీ అదే లెక్క: నాకౌట్‌లో నాలుగు మ్యాచ్‌లూ 1-0, మొత్తం ఏడు మ్యాచ్‌ల్లో 8 గోల్స్. ఆ టీమ్‌ని అందరూ అందమైన ఆటకు గుర్తుగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను, కానీ అంత జాగ్రత్తగా ఆడి గెలిచిన టీమ్‌లు తక్కువ.

మరి దేన్ని చూడాలి?

మ్యాచ్ మొదలవకముందే పాయింట్ల పట్టిక చూడండి. గ్రూప్‌లో మూడో మ్యాచ్ అయితే మరీ ముఖ్యం. డ్రా ఎవరికి సరిపోతుంది, ఓడినా ఎన్ని గోల్స్ తేడా వరకు ఫర్వాలేదు, అదే సమయంలో జరుగుతున్న రెండో మ్యాచ్‌లో ఏం జరిగితే లెక్క తారుమారవుతుంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు, 70వ నిమిషం తర్వాత కోచ్ ఏం చేస్తాడో సగం ముందే తెలిసిపోతుంది. గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకేసారి పెట్టడం కూడా ఈ లెక్కల వల్లే వచ్చింది. 1982లో పశ్చిమ జర్మనీ 1-0తో గెలిస్తే తనూ ఆస్ట్రియా ఇద్దరూ ముందుకెళ్తారని ముందే తెలుసు. జర్మనీ పదో నిమిషంలో గోల్ కొట్టాక ఇద్దరూ బాల్‌ని అటూ ఇటూ తోసుకుంటూ టైమ్ గడిపేశారు, అంతకుముందు రోజే తన మ్యాచ్ ఆడేసిన అల్జీరియా బయటికెళ్లిపోయింది.

టోర్నమెంట్ ఫార్మాట్ కూడా చూడాలి. 2016 యూరోలో 24 టీమ్‌లు, మూడో స్థానాల్లో నిలిచిన ఆరింటిలో నాలుగు ముందుకెళ్లొచ్చు. పోర్చుగల్ గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని మూడో స్థానంలోనే నాకౌట్‌కి వెళ్లింది, మొత్తం టోర్నీలో 90 నిమిషాల్లో గెలిచింది ఒక్క వేల్స్ మీదే, చివరికి కప్పు పట్టుకెళ్లింది. 48 టీమ్‌ల వరల్డ్ కప్‌లోనూ 12 గ్రూపుల నుంచి మూడో స్థానాల్లో ఉన్న ఎనిమిది టీమ్‌లు ముందుకెళ్తాయి. అలాంటప్పుడు ఒక మ్యాచ్ గెలిచి మిగతావాటిలో చిత్తుగా ఓడకుండా చూసుకుంటే చాలన్న ఆలోచన కోచ్‌లకు రావడం సహజం. అది పిరికితనం కాదు, రూల్స్ వాళ్లకి ఇచ్చిన దారి.

ఇంకో సంగతి. క్లబ్ కోచ్‌కి ఏడాది పొడవునా ఆటగాళ్లు చేతిలో ఉంటారు, దేశం టీమ్ కోచ్‌కి మాత్రం ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతారు. నలుగురైదుగురు ఒకరి పరుగుని ఒకరు చూడకుండానే అందుకునేలా దాడిని తీర్చిదిద్దాలంటే చాలా సమయం కావాలి, డిఫెన్స్‌లో ఎవరెక్కడ నిలబడాలో నేర్పడానికి అంత అక్కర్లేదు. అందుకే దేశాల టోర్నీల్లో చాలామంది కోచ్‌లు ముందు వెనకవైపు గట్టి చేసుకుని, ముందువైపు ఒకరిద్దరు స్టార్ల మీద వదిలేస్తారు. 2018లో, 2024లో కోచ్ డెషాంప్స్ ఆడించిన ఫ్రాన్స్‌ని చూడండి. 2024 యూరోలో ఫ్రాన్స్ సెమీఫైనల్ దాకా వచ్చింది గానీ అప్పటివరకు వాళ్ల ఖాతాలో ఉన్నవి అవతలివాళ్లు తమ నెట్‌లోకే కొట్టుకున్న రెండు సెల్ఫ్ గోల్స్, ఎంబాపె కొట్టిన ఒక పెనాల్టీ. మామూలు ఆటలో సొంతంగా కొట్టిన మొదటి గోల్ సెమీస్‌లో స్పెయిన్ మీద వచ్చింది, ఆ మ్యాచ్ ఓడిపోయారు.

ఇప్పుడు మ్యాచ్ మొదలైంది. మొదటి ఇరవై నిమిషాలు బాల్ మీద నుంచి కళ్లు తిప్పుకోండి. కష్టమే, కానీ రెండు మూడు మ్యాచ్‌లు చేస్తే అలవాటవుతుంది. మీరు చూస్తున్న టీమ్ అవతలి బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) దగ్గర బాల్‌తో ఉన్నప్పుడు వెనక ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు), వాళ్ల ముందు ఒక మిడ్‌ఫీల్డర్ మాత్రమే ఉండి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ (అంచుల్లో ఆడే డిఫెండర్లు) ముందుకెళ్లిపోయారంటే అది దూకుడు. ఒక ఫుల్‌బ్యాక్ వెనకే ఆగిపోయి, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు సెంటర్ సర్కిల్ దాటకుండా కాపలా కాస్తూ మొత్తం ఐదుగురు కనిపిస్తే, స్క్రీన్ మీద ఎన్ని ఫార్వర్డ్‌ల పేర్లు వేసినా ఆ టీమ్ ఆచితూచి ఆడుతున్నట్టే. టీవీ కెమెరా బాల్ వెంటే పోతుంది కాబట్టి వెనకవాళ్లు ప్రతిసారీ కనబడరు. కార్నర్ తీసే ముందు, త్రో ఇన్‌కి ముందు దూరం నుంచి చూపించే ఆ కొన్ని సెకన్లు వదులుకోకండి.

రెండోది, బాల్ పోయిన తర్వాతి ఐదు సెకన్లు. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ నటించలేరు. బాల్ పోగానే దగ్గరున్న ముగ్గురు మీదపడి మళ్లీ లాక్కోవాలని చూస్తున్నారా, లేక అందరూ వెనక్కి తిరిగి తమ బాక్స్ వైపు పరిగెడుతున్నారా? ఒకరు మీదపడి మిగతావాళ్లు వెనక్కి వెళ్తున్నారంటే ఆ టీమ్‌లో ఇంకా ఏమీ తేలలేదు, లేదా కాళ్లలో సత్తువ అయిపోయింది. రెండో సగంలో ఇలా కనిపించడం మొదలైతే గోల్ ఎటువైపు పడబోతోందో ఊహించవచ్చు.

మూడోది డిఫెన్స్ లైన్ ఎంత ముందుకొచ్చి నిలబడిందో. సొంత బాక్స్ అంచునా, సెంటర్ లైన్ దగ్గరా? చిన్న టీమ్ అనగానే బాక్స్ ముందు గోడ కట్టుకుంటుందని అనుకుంటాం. 2022లో సౌదీ అరేబియా అర్జెంటీనా మీద సరిగ్గా తలకిందులుగా చేసింది. డిఫెన్స్ లైన్‌ని చాలా ముందుకు తెచ్చి నిలబెట్టారు. మొదటి సగంలో అర్జెంటీనా మూడుసార్లు బాల్‌ని నెట్‌లోకి పంపినా మూడూ ఆఫ్‌సైడే, అంటే పాస్ ఇచ్చే సమయానికే అర్జెంటీనా ఆటగాడు ఆ లైన్ దాటిపోయి ఉన్నాడు, గోల్ చెల్లదు. మెస్సీ పెనాల్టీతో వెనకబడిన సౌదీ రెండో సగం మొదలైన పది నిమిషాల్లోపే రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచింది. ఆ లైన్ ఒక్క అడుగు తప్పినా నాలుగు గోల్స్ పడేవి. అంత రిస్క్ తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆ మ్యాచ్ మళ్లీ చూస్తే అర్థమవుతుంది.

ఇవన్నీ మొదటి గోల్ పడే వరకే. గోల్ పడ్డాక కాగితం మీద కొత్త లెక్క మొదలుపెట్టండి, ఎందుకంటే టీమ్ అసలు ఉద్దేశం అక్కడే బయటపడుతుంది. 2021 జులైలో వెంబ్లీలో యూరో ఫైనల్ రెండో నిమిషంలోనే ఇంగ్లండ్‌కి ల్యూక్ షా గోల్ ఇచ్చాడు. హాఫ్‌టైమ్ తర్వాత మెల్లమెల్లగా ఇంగ్లండ్ వెనక్కి జరుగుతూ పోయింది. ఇటలీ కోచ్ మాన్చీని 54వ నిమిషంలోనే ఇద్దర్ని మార్చాడు, స్ట్రైకర్ ఇమ్మోబిలేని తీసేసి ఇన్సిన్యేని మధ్యలోకి తెచ్చాడు. 67వ నిమిషంలో ఇటలీ తరఫున బొనూచ్చి సమం చేశాడు. ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్ మొదటి మార్పు ఆ తర్వాత, 70వ నిమిషంలో. ఇంగ్లండ్ జాగ్రత్తగా ఆడటాన్ని నేను తప్పుపట్టను, ఆ టోర్నీలో అక్కడి దాకా తెచ్చింది ఆ జాగ్రత్తే. అవతలివాళ్లు మారిన తర్వాత కూడా మారకపోవడం మాత్రం తప్పే.

దీనికి పూర్తి వ్యతిరేకం 2022 క్వార్టర్‌ఫైనల్‌లో బ్రెజిల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో (90 నిమిషాల తర్వాత ఆడే అరగంటలో) నెయ్‌మార్ గోల్‌తో 1-0, ఇంక నాలుగైదు నిమిషాలు ఆగితే సెమీస్. అప్పుడు కూడా తలుపులు బార్లా తెరిచిపెట్టి ముందుకెళ్లారు. 117వ నిమిషంలో క్రొయేషియా ఎదురుదాడిలో పెట్కోవిచ్ కొట్టిన బాల్ డిఫెండర్‌కి తగిలి నెట్‌లో పడింది. ఆ మ్యాచ్ మొత్తంలో క్రొయేషియా గోల్ వైపు సరిగ్గా కొట్టిన షాట్ అదొక్కటే. షూటౌట్‌లో బ్రెజిల్ కథ ముగిసింది. దూకుడు నాకు ఇష్టమే, కానీ గడియారం చూడని దూకుడుని మెచ్చుకోలేను.

ఒకే టీమ్‌లో రెండు రకాలూ చూడాలంటే 2018లో జపాన్ ఆడిన రెండు మ్యాచ్‌లు వెతికి, వెంట వెంటనే చూడండి. జూన్ 28న వోల్గోగ్రాద్‌లో పోలండ్ మీద జపాన్ 0-1తో వెనకబడి ఉంది. అవతల సెనెగల్ మీద కొలంబియా గోల్ కొట్టిందని తెలిసింది. ఇప్పుడు జపాన్, సెనెగల్ పాయింట్లూ గోల్సూ అన్నీ సమానం, తేడా ఎల్లో కార్డుల్లో మాత్రమే: జపాన్‌కి నాలుగు, సెనెగల్‌కి ఆరు, తక్కువున్న జపానే ముందుకెళ్తుంది. కోచ్ నిషినో 82వ నిమిషంలో కెప్టెన్ హసెబెని లోపలికి పంపాడు. ఆ తర్వాత ఓడిపోతున్న టీమ్ బాల్‌ని వెనకే తిప్పుకుంటూ కూర్చుంది, స్టేడియం అంతా ఈలలు వేస్తూ గోల చేసింది. సెనెగల్ ఒక్క గోల్ కొట్టి ఉంటే జపాన్ ఇంటికే. అంటే పైకి కనిపించినంత సేఫ్ కాదది, తమ భవిష్యత్తుని వేరే మ్యాచ్‌కి అప్పగించడమే.

నాలుగు రోజులకు రోస్తోవ్‌లో బెల్జియం మీద అదే జపాన్ 48, 52 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి 2-0తో ముందుకెళ్లింది. బెల్జియం 65వ నిమిషంలో ఫెలైనీని, షాడ్లీని దింపింది, ఇద్దరూ మ్యాచ్‌ని మార్చేశారు. 2-2 అయింది. 90 నిమిషాలు దాటాక కలిపే స్టాపేజ్ టైమ్‌లో హోండా ఫ్రీకిక్‌ని బెల్జియం గోల్‌కీపర్ కోర్తువా బయటికి తోశాడు, జపాన్‌కి కార్నర్. ఇక్కడ వీడియో ఆపి చూడండి. ఇంకొన్ని సెకన్లు గడిస్తే ఎక్స్‌ట్రా టైమ్, అయినా జపాన్ పొడుగువాళ్లంతా బాక్స్‌లోకి వెళ్లిపోయారు, షార్ట్ కార్నర్ తీసి టైమ్ గడిపేద్దామన్న ఆలోచనే లేదు. హోండా కొట్టిన బాల్ నేరుగా కోర్తువా చేతుల్లోకి. అతను ఆలస్యం చేయకుండా డి బ్రూయ్నాకి దొర్లించాడు, డి బ్రూయ్నా మైదానం సగం దాటి పరిగెత్తాడు. మధ్యలో బెల్జియం స్ట్రైకర్ లుకాకు పరుగుని మాత్రమే చూడండి: అతను లోపలికి వస్తూ జపాన్ డిఫెండర్ నగతొమోని తనతో లాక్కొచ్చాడు, కుడివైపు మూనియే ఒంటరిగా మిగిలాడు. బాల్ మూనియేకి, అక్కడి నుంచి బాక్స్‌లోకి. లుకాకు దాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు, వెనక షాడ్లీ లోపలికి తోశాడు. 3-2. ఆ కార్నర్ తప్పని కొందరంటారు. ఆ రాత్రి జపాన్ ఆడిన ఆట ఆ ధైర్యంతోనే వచ్చింది కాబట్టి నేను తప్పనను. కానీ కార్నర్ తీసే ముందు వెనక ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకి ఏం జరగొచ్చో బాల్ కదలకముందే తెలిసేది.

కార్నర్లు, ఫ్రీకిక్‌ల సంగతి వేరు. ఆచితూచి ఆడే టీమ్‌కి గోల్ అక్కడే దొరుకుతుంది, కాబట్టి అలాంటి టీమ్ కార్నర్ కోసం ఎంత కష్టపడుతుందో గమనించండి. 2004 యూరోలో కోచ్ రెహాగెల్ ఆడించిన గ్రీస్ నాకౌట్‌లో ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్ ముగ్గుర్నీ 1-0తోనే ఓడించింది, మూడు గోల్సూ తలతో కొట్టినవే, చివరి రెండూ కార్నర్ల నుంచి వచ్చినవే.

మనవాళ్ల కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియా కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. గ్రూప్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. జర్నైల్ సెమీస్‌లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్‌లోనూ కొట్టాడు, అదే కొరియా మీద 2-1తో గోల్డ్ మెడల్ వచ్చింది. ఆ టీమ్‌లో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. ఆటగాళ్ల పేర్ల పక్కన రాసే "డిఫెండర్", "ఫార్వర్డ్" అన్న మాటలు చూసి టీమ్ ఉద్దేశం తేల్చేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మార్పులు చూసేటప్పుడూ అంతే. ఫార్వర్డ్‌ని తీసి డిఫెండర్‌ని దింపగానే "అయిపోయింది, డిఫెన్స్‌లోకి వెళ్లిపోయారు" అనుకోకండి. ఆ డిఫెండర్ రావడంతో ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లకూ ముందుకెళ్లే స్వేచ్ఛ వచ్చిందేమో ఒక ఐదు నిమిషాలు చూడండి. ఇప్పుడు ఐదుగుర్ని మార్చుకోవచ్చు, ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్తే ఇంకొకర్ని కూడా. 80వ నిమిషం తర్వాత కూడా కోచ్ రెండు మూడు మార్పులు దాచుకున్నాడంటే, అతను 120 నిమిషాలకు సిద్ధపడ్డాడని అర్థం. ఎక్స్‌ట్రా టైమ్ రెండో సగంలో మళ్లీ ఆ పాత లెక్కే వేయండి, వెనక ఎంతమంది ఉన్నారు అని. ఐదుగురు కదలకుండా నిలబడి ఉండి, గోల్‌కీపర్ ప్రతి గోల్‌కిక్‌కీ తాపీగా నడుస్తుంటే ఆ టీమ్ పెనాల్టీల కోసం ఎదురుచూస్తోంది, అప్పటి నుంచి మీ చూపు అవతలి టీమ్ మీదకి మార్చేయండి.