శాటర్న్ కారు మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

ఒహాయోలో ఎమ్మెస్ చదివే రోజుల్లో ముగ్గురు రూమ్మేట్లం తలా కొంత వేసుకుని 1997 మోడల్ శాటర్న్ ఎస్‌ఎల్2 కొన్నాం. చదువయ్యాక మిగతా ఇద్దరి వాటా ఇచ్చేసి కారు నేనే ఉంచుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అమెరికా వచ్చిన మన పిల్లలు చవకలో పాత కారు వెతుక్కునేటప్పుడు ఎక్కడో ఒకచోట శాటర్న్ తగులుతూనే ఉంటుంది. ఇది జనరల్ మోటార్స్ నడిపి, 2010లో మూసేసిన అమెరికన్ కార్ల బ్రాండు. "అన్నా, ఆ కంపెనీయే లేదంట కదా, కొనొచ్చా?" అని అడుగుతారు. ఈ కార్లకు వచ్చే జబ్బులు పట్టుమని పది ఉండవు. వాటిలో చాలావాటికి మందు చవకే. సమయానికి చూసుకోకపోవడం వల్లే ఎక్కువ కార్లు పాడైపోయాయి.

ముందు మీ కారు ఏదో తేల్చుకోండి. 1991 నుంచి 2002 మోడల్ దాకా వచ్చినవి ఎస్ సిరీస్: ఎస్‌ఎల్ సెడాన్, ఎస్‌సి కూపే, ఎస్‌డబ్ల్యూ వ్యాగన్. అన్నిటికీ 1.9 లీటర్ల ఇంజనే. ఎస్‌ఎల్1లో ఒక కామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు) ఉంటుంది. మొదట్లో 85 హార్స్‌పవర్, 1995 నుంచి 100. ఎస్‌ఎల్2లో రెండు కామ్‌షాఫ్ట్‌లు, 124 హార్స్‌పవర్. కింద చెప్పేదంతా ముఖ్యంగా ఈ కార్ల గురించే. తర్వాత వచ్చిన శాటర్న్ మోడళ్లు అయాన్, వ్యూ సంగతి చివర్లో చెబుతాను.

కింద చుక్క కారదు, పొగ కనపడదు, ఇంజన్ ఆయిల్ మాత్రం తగ్గిపోతుంది

శాటర్న్‌లను ఎక్కువగా చంపింది ఇదే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో అడుగు రింగు పని సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి దింపడం. గీకిన ఆయిల్ వెనక్కి జారడానికి ఈ పిస్టన్లలో సరిపడా దారి లేదు. ఆయిల్ అక్కడే నిలిచి, వేడికి మాడి మసి కడుతుంది. ఆ మసిలో రింగు ఇరుక్కుపోతుంది. ఇక గీకేవాళ్లు లేక ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో పాటే కాలిపోతుంది. పొగగొట్టంలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ ఆ పొగను చాలావరకు కాల్చేస్తుంది కాబట్టి వెనకాల నీలిపొగ కూడా కనపడదు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగలేదంటే ఆయిల్ ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. ఆ దీపం చూసేది ఆయిల్ ప్రెషర్‌ని, మట్టాన్ని కాదు. అది వెలిగేసరికి ఇంజన్ సగం పాడైపోయి ఉంటుంది.

ఇంజన్‌లో పట్టేదే 4 క్వార్ట్‌లు, అంటే సుమారు 3.8 లీటర్లు. అందులో రెండు క్వార్ట్‌లు పోయాయంటే మొదట దెబ్బతినేది కామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు, అంటే టైమింగ్ చైన్. చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కుడివైపు నుంచి గొలుసు కొట్టుకుంటున్న శబ్దం వస్తే దాని అర్థం అదే.

వారం వారం డిప్‌స్టిక్ తీసి చూడండి. కారు చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి ఐదు నిమిషాలు ఆగండి. పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయండి. పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా ఒక క్వార్ట్. డిక్కీలో ఎప్పుడూ రెండు సీసాలు 5డబ్ల్యూ-30 రకం ఇంజన్ ఆయిల్ ఉంచుకోండి. నేను శనివారం గుడికి బయల్దేరే ముందు చూస్తాను. అలా ఏదో ఒక పనికి ముడిపెట్టుకుంటే మరిచిపోం.

దీన్ని తగ్గించాలంటే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపల పేరుకునే ఆవిర్లను మళ్లీ కాలడానికి పంపే చిన్న కవాటం) మార్చండి. కొన్ని డాలర్ల వస్తువు. అది మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది. తర్వాత పిస్టన్లను నానబెట్టే పద్ధతి ఉంది. గోరువెచ్చగా ఉన్న ఇంజన్ నుంచి స్పార్క్ ప్లగ్గులు తీసేసి, నాలుగు పిస్టన్లూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చేలా ఇంజన్ తిప్పి, ఒక్కో రంధ్రంలో మసి కరిగించే ద్రావకం కొద్దిగా పోసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారాక ప్లగ్గులు బిగించకుండానే, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు పీకి, రంధ్రాల మీద పాత తువ్వాలు కప్పి స్టార్టర్ తిప్పాలి. మిగిలిన ద్రావకం బయటికి చిమ్ముతుంది. ఈ మెట్టు వదిలేసి ప్లగ్గులు బిగిస్తే ద్రవం నొక్కుకోక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ తర్వాత కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. మొదటి పది నిమిషాలు తెల్లగా పొగ చిమ్ముతుంది, భయపడకండి. ఇంతకీ తగ్గకపోతే ఇంజన్ విప్పి రింగులు మార్చడమే గతి. ఆ ఖర్చు ఈ వయసు కారుకు చాలామందికి గిట్టదు. వారం వారం పోసుకుంటూ నడపడమే మేలు. నా కారు వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ తాగేది, నానబెట్టాక అందులో సగానికి వచ్చింది.

పొద్దున చలిలో స్టార్ట్ కాదు, మైలేజీ పడిపోయింది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది

చాలామంది బ్యాటరీ మారుస్తారు, పెట్రోలు పంపు మారుస్తారు. తప్పు చాలాసార్లు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సర్‌ది. సిలిండర్ హెడ్‌కి డ్రైవర్ వైపు చివర ఉంటుంది. కంపెనీ వేసిన సెన్సర్ మొనకు ప్లాస్టిక్ వాడారు. అది కొన్నేళ్లకు చిట్లి, కూలెంట్ లోపలికి దిగి, కంప్యూటర్‌కు తప్పుడు వేడి చెబుతుంది. దాన్ని నమ్మి కంప్యూటర్ అవసరానికి మించో తక్కువో పెట్రోలు చిమ్ముతుంది.

పట్టుకోవడం తేలిక. 1996 తర్వాతి కార్లకు కారు కంప్యూటర్ చెప్పేది చదివే మామూలు ఓబీడీ స్కానర్ సరిపోతుంది. రాత్రంతా నిలిపిన కారులో పొద్దున్నే ఇంజన్ తిప్పకుండా తాళం మాత్రం ఆన్ చేసి కూలెంట్ వేడి చూడండి. బయటి చలి ఎంతుందో అదే చూపించాలి. తేడా ఎక్కువుంటే ఇత్తడి మొన ఉన్న సెన్సర్ తెచ్చి వేయండి. పాతది విప్పినప్పుడు దాని ప్లగ్గు లోపల చూడండి. నాకైతే రాగి చిలుము పచ్చగా, బంకగా పట్టి కనిపించింది. అలా ఉంటే సెన్సర్ ఒక్కటే మార్చి లాభం లేదు, ఆ ప్లగ్గు ముక్క కూడా కోసి కొత్తది అతకాలి.

డీ నుంచి ఆర్‌లోకి వేస్తే ఎవరో వెనక నుంచి గుద్దినట్టు దెబ్బ

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ద్రవాన్ని గేర్లకు పంచే వాల్వ్ బాడీ అరిగిన లక్షణం. ముందు పైన చెప్పిన సెన్సర్ చూడండి, ఎందుకంటే గేర్‌బాక్స్ ఒత్తిడి లెక్కకు కూడా ఆ వేడే ఆధారం. అది సరిగానే ఉండి, గేర్ ఆయిల్ మార్చినా దెబ్బ తగ్గకపోతే వాల్వ్ బాడీ మార్చాలి. గేర్‌బాక్స్ మొత్తం దించనక్కర్లేదు. "ట్రాన్స్‌మిషన్ పోయింది, కొత్తది వేయాలి" అని ఎవరైనా అంటే ఇంకో మెకానిక్‌కు చూపించండి.

ఇంజన్ ఆయిల్ మార్పించుకుని వస్తుంటే దారిలో గేర్లు జారుతున్నాయి

ఇది నాకే జరిగింది. ఈ ఆటోమేటిక్‌లో గేర్‌బాక్సుకు కూడా బయట బిగించే ఫిల్టర్ ఉంటుంది. చూడ్డానికి అచ్చం ఇంజన్ ఆయిల్ ఫిల్టరే. పదిహేను నిమిషాల్లో ఆయిల్ మార్చే ఒక షాపులో కుర్రాడు ఇంజన్‌ది వదిలేసి గేర్‌బాక్స్ ఆయిల్ దింపేశాడు. తర్వాత అప్పటికే నిండుగా ఉన్న ఇంజన్‌లో మరో నాలుగు క్వార్ట్‌లు పోశాడు. మూడు మైళ్లు కూడా రాకముందే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోగుతోంది, కారు కదలడంలేదు. హైవే ఎక్కకపోవడం నా అదృష్టం.

అలా జరిగితే వెంటనే పక్కకు ఆపి కట్టేయండి. స్టార్ట్ చేసి చూద్దామనుకోవద్దు. టోయింగ్ పిలిపించి, ఇంజన్‌లో ఎక్కువైన ఆయిల్ దించి, గేర్‌బాక్సులో మాన్యువల్ చెప్పిన ద్రవం నింపించండి. ఇక మీదట ఆయిల్ మార్పించేటప్పుడు దగ్గర నిలబడి, దింపిన ఆయిల్ రంగు చూడండి. గేర్‌బాక్స్ ద్రవం ఎర్రగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది.

ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి

ప్యాసింజర్ వైపు ఇంజన్‌ను పైన పట్టి ఉంచే మౌంట్ రబ్బరు చిరిగి ఉంటుంది. ఇంజన్ కింద జాకీ, దాని మీద చెక్కముక్క పెట్టి కొద్దిగా ఎత్తి కొత్త మౌంట్ బిగిస్తే అరగంట పని. వణుకుతో పాటు ఐడిల్ ఎక్కువై, ఈల లాంటి శబ్దం వస్తుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ గాలి పీలుస్తోంది. ఎస్‌ఎల్1లో ఇది మామూలే.

కూలెంట్ డబ్బాలో గోధుమరంగు జిడ్డు

ఒక కామ్‌షాఫ్ట్ ఇంజన్లలో, ముఖ్యంగా 1990ల రెండో సగంలో వచ్చినవాటిలో, సిలిండర్ హెడ్ పగులుతుంది. ఆయిల్ కూలెంట్‌లోకి దిగుతుంది. హెడ్ మార్చాల్సిందే. కొనేముందు డబ్బా మూత తీసి చూడటం మరవకండి, ఇంజన్ చల్లారాకే.

కూలెంట్ అనగానే శాటర్న్ పాత ఓనర్లకు 1991 గుర్తొస్తుంది. సరఫరాదారు పంపిన కూలెంట్‌లో లోపం వల్ల ఇంజన్లు తినేస్తోందని తేలింది. కంపెనీ 1,836 కార్లకు రేడియేటరో హెడ్డో మార్చి ఊరుకోలేదు. కారుకు కారే కొత్తది ఇచ్చింది. కొత్త కంపెనీ, అప్పటికి ఒక్క లాభం కళ్లజూడలేదు, అయినా ఆ పని చేసింది. నాకు శాటర్న్ మీద ఇంత గౌరవం ఉండటానికి ఇదొక కారణం.

తలుపుల మధ్య సందులు పెద్దగా ఉన్నాయి, యాక్సిడెంట్ బండా?

కాకపోవచ్చు. తలుపులు, ఫెండర్లు, బంపర్లు ప్లాస్టిక్‌వి. ఎండకు ప్లాస్టిక్ ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది కాబట్టి కావాలనే సందు వదిలారు. బానెట్, టాప్, డిక్కీ మూత ఇనుమువి; అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. షాపింగ్ కార్ట్ వచ్చి తగిలినా సొట్ట పడదు, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అయితే ఈ ప్లాస్టిక్ తుప్పును దాచేస్తుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే కింద దూరి బ్రేకు గొట్టాలు చూడండి. పైకి కొత్తగా మెరుస్తూ, కింద గొట్టాలు పొరలు లేచిన బండ్లు నేను చూశాను.

అయాన్, వ్యూ కొంటుంటే

2003 నుంచి 2007 దాకా వచ్చిన అయాన్‌లో తాళం తిరిగే స్విచ్ వదులు. బరువైన తాళాల గుత్తి ఊగితే చాలు, నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోతుంది, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయవు. 2014లో జనరల్ మోటార్స్ రీకాల్ చేసింది. 2004 నుంచి 2007 అయాన్‌ల ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కూ అదే ఏడాది ఇంకో రీకాల్ వచ్చింది. 17 అక్షరాల విన్ నంబరుతో (కారు గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వద్ద వెతికితే ఆ పనులు అయ్యాయో లేదో తెలుస్తుంది. అవి అయ్యేదాకా తాళానికి ఇంకేమీ తగిలించకండి.

2002 నుంచి 2005 దాకా కొన్ని వ్యూలలో వేసిన సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ విపరీతంగా పాడైంది. కంపెనీ వారంటీని 5 ఏళ్లు లేదా 75,000 మైళ్లకు పొడిగించింది, ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ బండి కొనవద్దు. 2004 నుంచి 2007 వరకు వీ6 వ్యూలో ఉన్నది హోండా ఇంజన్, హోండా గేర్‌బాక్స్. అది తీసుకోవచ్చు, లక్ష మైళ్ల దగ్గర టైమింగ్ బెల్టు మార్చారో లేదో రసీదు అడగండి.

షోరూమే లేదు, విడిభాగాలు ఎక్కడ?

1985 జనవరిలో జనరల్ మోటార్స్ శాటర్న్‌ను వేరే కంపెనీగా ప్రకటించింది. జపాన్ చిన్నకార్లకు దీటుగా అమెరికాలోనే కారు చేయాలన్నది లక్ష్యం. టెనెస్సీలోని స్ప్రింగ్ హిల్‌లో ఫ్యాక్టరీ కట్టారు, కార్మిక సంఘంతో విడిగా ఒప్పందం చేసుకుని నిర్ణయాల్లో కార్మికులకు చోటిచ్చారు. 1990 జూలై 30న మొదటి కారు బయటికొచ్చింది. షోరూములో బేరం ఉండదు, అందరికీ ఒకటే ధర. కారు అప్పగించేటప్పుడు సిబ్బందంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. 1994లో ఫ్యాక్టరీ చూడ్డానికి రమ్మంటే సుమారు 44,000 మంది తరలివచ్చారు.

అలాంటి బ్రాండుకు మాతృసంస్థ దాదాపు పదేళ్లు కొత్త మోడల్ ఇవ్వలేదు. ఎల్ సిరీస్ వచ్చేసరికి 2000 మోడల్ అయింది. 2007లో స్ప్రింగ్ హిల్‌లో శాటర్న్‌ల తయారీ ఆపేశారు. చివర్లో వచ్చిన ఆరా 2007 ఉత్తర అమెరికా కార్ ఆఫ్ ది ఇయర్ అయింది, అప్పటికే ఆలస్యం. 2009లో జనరల్ మోటార్స్ దివాలా సమయంలో కార్ల డీలర్‌షిప్‌లు నడిపే పెన్స్‌కీ సంస్థ శాటర్న్‌ను కొంటుందనుకున్నారు, కార్లు తయారుచేసి ఇచ్చే కంపెనీ దొరక్క 2009 సెప్టెంబర్ 30న అది తప్పుకుంది. 2010తో షోరూములు మూతపడ్డాయి. డిప్‌స్టిక్ చూడకుండా ఏళ్లు నడిపిన ఇంజన్‌లాగే అయింది దాని బతుకు.

రీకాల్ పనులు ఇప్పటికీ షెవ్రొలే, బ్యూయిక్ డీలర్లే చేయాలి. ఫిల్టర్లు, సెన్సర్లు, మౌంట్లు, బ్రేకు ప్యాడ్లు ఏ ఆటో పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. 2008 శాటర్న్ ఆస్ట్రా మాత్రం బెల్జియం నుంచి దిగిన ఒపెల్; మన ఊళ్లలో ఒకప్పుడు తిరిగిన ఒపెల్ ఆస్ట్రా వంశమే. దానికి కొన్ని భాగాలు యూరప్ నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు. లోపలి ప్లాస్టిక్‌లు, తలుపు పిడులు, లైట్లకు సొంతంగా విప్పుకునే జంక్‌యార్డే దిక్కు. వెళ్లేటప్పుడు 10 మిల్లీమీటర్ల సాకెట్, టార్క్స్ బిట్లు పట్టుకెళ్లండి. అక్కడ శాటర్న్ కనపడితే ముందు ఆ కూలెంట్ సెన్సర్ ప్లగ్గును వైరుతో సహా అరడుగు పొడవున కోసుకోండి, పచ్చగా చిలుము పట్టనిదైతేనే.