అద్దకపు నీళ్లకు నాచు వాడే ముందు నాలుగు సీసాల పరీక్ష

రంగు నీళ్లను నాచుతో శుభ్రం చేయొచ్చంటారు. కానీ మంగళగిరిలో నూలు అద్దే షెడ్ల నుంచి వచ్చే రంగు నీళ్లన్నీ నాచుకు పనికిరావు. రియాక్టివ్ రంగు తొట్టెలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు, దానికి తోడు సోడా యాష్ ఉంటాయి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10 దాటుతుంది. అందులో పోసిన క్లోరెల్లా (కంటికి కనబడనంత చిన్న ఆకుపచ్చ నాచు) పాలిపోయి చస్తుంది. వ్యాట్ రంగుల నీళ్లలో మిగిలిన హైడ్రోస్ (ఆ రంగును కరిగించడానికి వేసే సోడియం హైడ్రోసల్ఫైట్) ఆక్సిజన్‌ను లాగేస్తుంది. నూలు చిలపలు జాడించిన రెండో, మూడో నీళ్లను మాత్రం వేరుగా పట్టుకోండి. గాజు గ్లాసులో పోసి వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు కనబడాలి. కనబడకపోతే వెలుతురు లోపలికి దిగదు, నాచు పెరగదు. ఇంకా పలచన చేయండి.

పీహెచ్‌ను 8కి దించడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేయండి. వెనిగర్, నిమ్మ ఉప్పు వద్దు. అవి బ్యాక్టీరియాకు మేత. నీళ్లు మురిగి కంపు కొడతాయి.

విత్తనంగా క్లోరెల్లా వల్గారిస్ తెచ్చుకోండి. రొయ్యల హేచరీల్లో పెంచేవి ఉప్పునీటి నాచులు, కాబట్టి మంచినీటి రకమే కావాలని గట్టిగా అడగండి. 10 లీటర్ల కుళాయి నీళ్లను వెడల్పాటి టబ్బులో ఒకరోజు తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది. యూరియా 1 గ్రాము, డీఏపీ అర గ్రాము కరిగించి, లీటరు విత్తనం పోసి, అక్వేరియం పంపుతో గాలి పెట్టండి. లోతు జానెడుకు మించకూడదు. వారం, పది రోజుల్లో ముదురు ఆకుపచ్చకు వస్తుంది. గుంటూరు, విజయవాడ మే ఎండకు టబ్బు నీళ్లు 40 డిగ్రీలకు చేరితే నాచు నిలవదు. షేడ్ నెట్ తప్పనిసరి. మొదలుపెట్టడానికి చలికాలమే మేలు.

ఇక అసలు పరీక్ష. చాలామంది వదిలేసేది ఇదే. లీటరు సీసాలు నాలుగు తీసుకుని ఒక్కోదాంట్లో 800 మిల్లీలీటర్ల రంగు నీళ్లు పోయండి. మొదటిదానికి 200 మిల్లీలీటర్ల నాచు కలపండి. రెండోదానికీ అంతే, కానీ నల్ల గుడ్డ చుట్టి వెలుతురు ఆపండి. మూడోదానికి ఉడికించి చల్లార్చిన నాచు, నాలుగోదానికి ఉత్త నీళ్లు. అదే రోజు నాలుగో సీసా నీళ్లు కొంచెం తీసి, సగానికి, మళ్లీ సగానికి పలచన చేస్తూ చిన్న సీసాల్లో కొలబద్దగా చీకట్లో దాచండి. నాలుగు సీసాలనూ వారం పాటు ఒకే వెలుతురులో ఉంచి, రోజూ కదిపి, చివర్లో నాచు పేరుకున్నాక పైతేట నీళ్లను ఆ కొలబద్దతో పోల్చండి.

నాలుగోది కూడా వెలిసిందంటే ఆ పని నాచుది కాదు, ఎండది కావచ్చు. మూడోది మొదటిదాంతో సమానంగా వెలిసి, అడుగున పేరుకున్న ముద్దకు రంగు ఎక్కిందంటే రంగు విరగలేదు, నీళ్లలోంచి కణాల గోడల మీదికి మారిందంతే. ఉడికిన కణాలు బతికున్నవాటికంటే ఎక్కువ రంగు పట్టుకోవచ్చు, కాబట్టి ముద్ద రంగు చూడకుండా తీర్పు చెప్పకండి. మొదటిది మిగతా మూడింటికంటే బాగా వెలిసి, నాచు ఆకుపచ్చగానే ఉంటే రంగు విరుగుతోందనడానికి అది గట్టి ఆధారం.

అప్పుడైనా తొందరపడొద్దు. అజో రంగుల్లో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య బంధం తెగగానే రంగు పోతుంది, కానీ ఆరోమాటిక్ అమీన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. వెలిసిన నీళ్లు గాలి తగిలి మళ్లీ గోధుమరంగుకు తిరిగితే ఆ అమీన్లనే అనుమానించాలి. నాచు వాటిని కూడా కొంతవరకు విరగ్గొట్టగలదు. రంగు పోయాక మరో వారం వెలుతురులో, గాలి పెట్టి ఉంచండి. తర్వాత ఆ నీళ్లలో 20 పెసలు, మంచినీళ్లలో 20 పెసలు మొలకెత్తించి వేళ్ల పొడవు పోల్చండి. వేళ్లు కురచగా వస్తే ఆ నీళ్లలో ఇంకా విషం ఉండొచ్చు. బాగా వచ్చినా అమీన్ల పరీక్ష ల్యాబులో చేయించనిదే కాలువలోకి వదలకండి.

నాచు పసుపుబారితే నైట్రోజన్ చాలలేదు, లేదా రంగు ఎక్కువైంది. ఒక్క రాత్రిలో ఆకుపచ్చ మాయమై తేటపడితే నాచును మేసే చిన్న నీటి జీవులు, అంటే నీటి ఈగలో రోటిఫర్లో తినేసినట్టు. ఆ విత్తనం పారేసి కొత్తది పెట్టండి. టబ్బు మీద పలచని గుడ్డ కడితే దోమలు గుడ్లు పెట్టవు.

క్లోరెల్లా కణాలు గుడ్డలో ఆగవు. లీటరుకు 0.1 గ్రాము పటిక వేసి కలిపితే గంటలో చాలావరకు అడుగుకు దిగుతాయి. ఆ ముద్దను ఎరువుగా, మేతగా, చేపల చెరువుకు వాడొద్దు. ప్లాస్టిక్ ట్రేలో ఎండబెట్టి, మూతున్న డబ్బాలో ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతించిన వ్యర్థాల కేంద్రానికే ఇవ్వండి.