అందరి కోసం నడిచే శిక్షణ కేంద్రం, అన్నీ కుట్టే దుకాణం: గిరాకీ ఎందుకు నిలవదు, ఏం చేయాలి

చిన్న పట్టణాల్లో శిక్షణ కేంద్రాలు నడిపేవారూ, ఇంటి దగ్గరే టైలరింగ్, పచ్చళ్ళు, కేకుల వంటి వ్యాపారాలు చేసుకునేవారూ తమ ఇబ్బందికి ప్రచారం చాలకపోవడమో, పెట్టుబడి లేకపోవడమో, పక్క వీధిలో పోటీ పెరగడమో కారణమని చెబుతుంటారు. ఆ కారణాలు కొంతవరకు నిజమే అయినా, ఎవరి కోసం పని చేస్తున్నామో తేల్చుకోకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం. ఆ లోపం ఏయే లక్షణాలతో బయటపడుతుందో, దాన్ని ఎలా సరిచేయాలో వివరించడానికి టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) శిక్షణను, జాకెట్ల కుట్టుపనిని ఉదాహరణలుగా తీసుకుంటున్నాను.

లక్షణం: ఫోన్లు వస్తాయి, ఫీజు అడుగుతారు, మళ్ళీ కనిపించరు

కారణం: ఒకే బోర్డు మీద టెట్, డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, స్పోకెన్ ఇంగ్లిష్ అన్నీ రాసి ఉంటే, ఆ కేంద్రాన్ని మరో కేంద్రంతో పోల్చి చూడటానికి ఫోన్ చేసినవారికి ఫీజు తప్ప వేరే ఆధారం దొరకదు. అంకె చెప్పగానే “ఫలానా చోట ఇంకా తక్కువే అంటున్నారండీ” అని పెట్టేస్తారు. యజమాని ఫీజు తగ్గిస్తారు. తగ్గిన ఫీజుతో మంచి అధ్యాపకులను నిలుపుకోలేరు. ఫలితాలు పడిపోయి, మరుసటి ఏడు ఫీజు ఇంకా తగ్గించవలసి వస్తుంది.

పరిష్కారం: పరీక్ష పేరు దగ్గర ఆగిపోకుండా, ఆ పరీక్ష రాసే మనిషి ఎవరో చూడాలి. టెట్‌నే తీసుకుంటే, దాన్ని రాసేవారిలో కనీసం రెండు రకాలవారున్నారు. మొదటివారు డీఎడ్ లేదా బీఎడ్ ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు. డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉండటంతో వీరికి ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. 150కి వీలైనన్ని ఎక్కువ మార్కులు కావాలి. రెండవవారు ఇప్పటికే బడిలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మైనారిటీ విద్యాసంస్థల సంగతి పక్కన పెడితే, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి గడువు ఉండి టెట్ లేనివారు రెండేళ్ళలోగా అందులో ఉత్తీర్ణులు కావాలి. వీరికి పోటీ లేదు, అర్హత మార్కు దాటితే సరిపోతుంది. అయితే పగలంతా బడిలోనే గడిచిపోతుంది. ఎప్పుడో ఉపాధ్యాయ శిక్షణ (టీటీసీ)లో చదివిన, పిల్లల వికాసం గురించిన పియాజె, కోల్‌బర్గ్ సిద్ధాంతాలు మసకబారి ఉంటాయి. పైగా పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి.

ఈ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పే కేంద్రం ఇద్దరికీ అన్యాయం చేస్తున్నట్టే. “సర్వీసులో ఉన్న ఎస్జీటీలకు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు) టెట్ పేపర్-1” అని స్పష్టంగా చెప్పుకొన్న కేంద్రంలో తరగతులు సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి, ఆదివారం పూర్తి రోజు ఉంటాయి. పేపర్‌లోని ఐదు భాగాల్లో 30 మార్కుల శిశు వికాసాన్ని ముందుగా ముగిస్తారు, నమూనా పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే పెడతారు. అప్పుడు ఫోన్‌లో మాటల తీరే మారుతుంది. “మేడమ్, మీరు బడి నుంచి ఇంటికి ఎన్నింటికి చేరతారు? లెక్కలు వదిలేసి ఎన్నేళ్ళయింది?” అని అవతలి గొంతు అడిగితే, తన పరిస్థితి తెలిసినవారు దొరికారని ఆ ఉపాధ్యాయురాలికి అర్థమవుతుంది. ఫీజు మాట ఆఖరున వస్తుంది, బేరం చాలావరకు ఉండదు.

లక్షణం: రోజంతా పనే, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు

ఇది కుట్టుపనిలో అందరికన్నా ముందు కనిపిస్తుంది. పొద్దున ఒక పట్టు జాకెట్, ఆ వెనుకే జీన్స్ ప్యాంటు కురచ చేయడం, మధ్యలో చీరకు ఫాల్, పికో, సాయంత్రానికి కిటికీ తెరలు. పని మారినప్పుడల్లా దారం రంగు మారుతుంది. పల్చని పట్టుకు వాడిన 11వ నంబరు సూది తీసి జీన్స్ కోసం 16వ నంబరు ఎక్కించాలి. కొలతల పద్ధతీ మారుతుంది. ఈ మార్పులకు పట్టే సమయానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. పైగా ఏ పనిలోనూ చేయి పూర్తిగా కుదురుకోదు కాబట్టి తిరిగి వచ్చే సవరణలు ఎక్కువవుతాయి, ఆ సవరణలు కూడా ఉచితంగానే చేయాలి.

పరిష్కారం రిజిస్టరులో ఉంది. గడిచిన ఏడాది పనులను ముందు వేసుకుని, ప్రతి పనికీ ఎవరిచ్చారు, ఎన్ని గంటలు పట్టింది, ఎంత వచ్చింది, సవరణకు తిరిగి వచ్చిందా అన్న నాలుగు సంగతులు పక్కపక్కన రాయాలి. గంటకు వచ్చిన ఆదాయం ఎక్కువగా, సవరణలు తక్కువగా ఉన్న వరుసల్లో ఒకే తరహా మనుషులు కనిపిస్తారు. అందరూ పెళ్ళిళ్ళ మగ్గం వర్కు వైపే చూస్తారు గాని, అక్కడ ఇప్పటికే రద్దీ ఎక్కువ. రిజిస్టరు మరో దారి చూపించవచ్చు.

ఉదాహరణకు, యాభై దాటిన స్త్రీల సంగతి చూడండి. వారు తెచ్చే ఆది జాకెట్టు ఎప్పటిదో. ఇప్పటి ఒంటికి అది సరిపోదు, అయినా దాని ప్రకారమే కుట్టించుకుని సర్దుకుపోతుంటారు. భుజం నొప్పితో చేయి పైకి ఎత్తలేనివారికి చంక వదులుగా ఉండాలి, హుక్కులు ముందుకే రావాలి, లైనింగ్ మెత్తని నూలుదై ఉండాలి. ఆది జాకెట్టును పక్కన పెట్టి, ఒంటి కొలతలు తీసుకుని, కాగితం మీద కటింగ్ గీసి, పేరు రాసిన కవరులో దాచి ఉంచే దర్జీకి రెండవ జాకెట్ నుంచి కొలతల పని తగ్గిపోతుంది. ఆవిడ ఇక దుకాణానికి రానవసరం లేదు, మనవరాలితో గుడ్డ పంపితే చాలు. ఆ కవర్లు పెరిగేకొద్దీ వ్యాపారానికి ఒక ఆస్తి ఏర్పడుతుంది. అన్నీ కుట్టే దుకాణంలో అటువంటి ఆస్తి పోగుపడటం చాలా కష్టం.

లక్షణం: మెచ్చుకుంటారు గాని ఎవరినీ పంపరు

మనిషి నోట ఒక్క మాటలో ఇమడని వ్యాపారాన్ని ఇంకొకరికి చెప్పడం కష్టం. అవనిగడ్డ అనగానే డీఎస్సీ, అమీర్‌పేట అనగానే సాఫ్ట్‌వేర్ కోర్సులు, అశోక్‌నగర్ అనగానే గ్రూప్స్, ఆత్రేయపురం అనగానే పూతరేకులు ఎలా గుర్తుకొస్తాయో గమనించండి. “ఎవరికి, ఏ పని” అన్న రెండు సంగతులు ఉన్న ఒక వాక్యం తయారుచేసుకుని, దాన్ని పాత ఖాతాదారు ఒకరికి చెప్పి, వారం తరువాత తిరిగి చెప్పమనండి. వారు తడబడితే వాక్యాన్ని ఇంకా తగ్గించాలి.

లక్షణం: ఒక వర్గాన్ని ఎంచుకున్నాం, అయినా ఆదాయం లేదు

ఇక్కడ కారణాలు ఒకటికి మించి ఉంటాయి. తమకు ఇష్టమైన విషయాన్ని ఎంచుకుని, దానికి డబ్బు చెల్లించేవారు ఉన్నారో లేదో చూడకపోవడం ఒకటి. ఆ వర్గంవారు ఎక్కడ కలుసుకుంటారో చెప్పలేకపోతే ఎంపిక ఇంకా పూర్తి కాలేదనే అనుకోవాలి. సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులైతే చుట్టుపక్కల బడులవారు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో, ఉపాధ్యాయ సంఘాల కార్యక్రమాల్లో దొరుకుతారు. “జీవితంలో ఎదగాలనుకునేవారు” ఎక్కడ దొరుకుతారో ఎవరూ చెప్పలేరు.

బోర్డు మాత్రమే మార్చి, లోపల పాత వేళలూ పాత పాఠాలే కొనసాగించడం మరో కారణం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, వ్యాపారాన్ని ఒక సంఘటనకు కట్టేయడం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో గాని జరగలేదు. తెలంగాణలోనూ 2017 నాటి నియామకాల తరువాత 11,062 పోస్టుల డీఎస్సీ కోసం 2024 వరకు ఆగవలసి వచ్చింది. డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకున్న కేంద్రం ఆ ఏళ్ళన్నీ అద్దె ఎలా కడుతుంది? సర్వీసు ఉపాధ్యాయుల టెట్‌కు కూడా తీర్పు గడువు ఉంది కాబట్టి, దాన్నీ శాశ్వతమని అనుకోకూడదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనిషిని ఎంచుకుంటే, టెట్, డీఎస్సీతో పాటు గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల నియామకాలు, ప్రైవేటు బడుల్లో డెమో తరగతికి సన్నద్ధత అన్నీ ఆ మనిషి అవసరాలే అవుతాయి. పెళ్ళి జాకెట్లు మాత్రమే కుట్టేవారికి కూడా ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి శూన్య మాసాల్లో ఏం చేయాలో ముందే ఆలోచన ఉండాలి.

లక్షణం: ఉన్న గిరాకీ కూడా పోతుందేమోనన్న భయం

ఈ భయం సహేతుకమైనదే. ఇంటి ఖర్చులు ఆ గిరాకీ మీదే నడుస్తున్నప్పుడు ధైర్యం చెప్పడం సులువు, చేయడం కష్టం. అందుకే ఒక్కసారిగా ఎవరినీ వెనక్కి పంపవద్దు. పాతవారి పని చేస్తూనే, దాని గురించి ప్రకటించడం మానేయండి. బోర్డు మీద పెద్ద అక్షరాలు, వాట్సాప్ స్టేటస్, కరపత్రం ఎంచుకున్న వర్గం గురించే మాట్లాడాలి. గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపారానికి ప్రధాన కేటగిరీ ఒక్కటే ఉంటుంది, మిగిలినవి అదనంగా చేర్చుకోవాలి. ఆ ప్రధాన స్థానంలో ఏది పెట్టారో ఒకసారి సరిచూసుకోండి. కొత్త పని నెల ఖర్చులకు సరిపోయే స్థాయికి వచ్చాక, ప్యాంట్లు, తెరల పనిని దగ్గరలోని మరో దర్జీకి పంపించవచ్చు. వారు తమకు కుదరని జాకెట్లను ఇటు పంపుతారు.

ఎంపిక అవసరం లేని చోట్లు

ఊరంతటికీ ఒకే కిరాణా కొట్టు ఉంటే, ఆ కొట్టులో అన్నీ దొరకాలి. అక్కడి జనానికి కావలసింది అదే. ఒకే దర్జీ ఉన్న పల్లెలోనూ అంతే. వృత్తిలో అడుగుపెట్టి ఏడాది కూడా నిండనివారు సైతం తొందరపడి ఒక వర్గానికి పరిమితం కావద్దు, ఎందుకంటే వారి రిజిస్టరులో ఎంచుకోవడానికి సరిపడా పేర్లు ఇంకా చేరలేదు. వచ్చిన పనల్లా చేస్తూ, ఆ నాలుగు సంగతులను మాత్రం మొదటి రోజు నుంచే రాసి ఉంచుకోవాలి.