తుఫానుకి కరెంటు పోయినా ఇంట్లో ఫ్యాను తిరగాలంటే

పర్లాకిమిడిలో ఉండే మనకి 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే డాబా మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోండి: మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీ లేకుండా ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చి కరెంటు లైనుతో కలిపే పెట్టె, లైన్లో కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన ప్యానెళ్ల కరెంటు కొట్టకూడదని అలా తయారుచేస్తారు. మా ఇంట్లో ముందు పెట్టించింది అదే, మిట్టమధ్యాహ్నం పైన ఎండ మండిపోతుంటే కింద ఫ్యాను ఆగిపోయి అమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చుంది.

కాబట్టి లైను ఉన్నా లేకపోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో లిథియం బ్యాటరీ అడగండి. ఎంత బ్యాటరీ? రాత్రికి కావల్సిందే లెక్కేయండి. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు అయిదు, పది గంటలు వాడితే దాదాపు 2 యూనిట్లు, ఫ్రిజ్‌కి ఇంకో అర యూనిట్ వేసుకోండి. 5 యూనిట్ల బ్యాటరీ ఉంటే మర్నాడు మబ్బు పట్టినా కంగారు లేదు. పాత 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లే, అందులోనూ సగానికి మించి రోజూ వాడితే తొందరగా పాడవుతుంది.

బిల్లు తగ్గించుకోడానికని పెద్ద బ్యాటరీ కొనకండి. పగలు మిగిలింది నెట్ మీటర్ (మనం ఇచ్చిందీ వాడుకున్నదీ రెండూ లెక్కేసే మీటరు) ద్వారా లైన్లోకి వెళ్లి మన లెక్కలో పడుతుంది, ఆ పనికి అది చాలు. ఇంటి మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు ఇచ్చేది ప్యానెళ్లని చూసే, బ్యాటరీని చూసి కాదు.

వైరింగ్ దగ్గర మాత్రం ఎలక్ట్రీషియన్ పక్కనే నిలబడండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, వైఫై విడిగా ఒక బోర్డుకి తెచ్చి ఇన్వర్టర్ బ్యాకప్ వైపు కలపాలి, ఏసీ, గీజరు, మోటారు అటు రాకూడదు. బ్యాటరీ వంటగదిలో వద్దు, ఎండ తగలని, వాన నీళ్లు చేరని గోడకి కాస్త ఎత్తులో పెట్టించండి. ఎర్తింగ్, పిడుగు కడ్డీ వదిలేయకండి.

పని అయిపోయాక డబ్బు మొత్తం ఇచ్చే ముందు మెయిన్ స్విచ్ మీరే ఆపి చూడండి, ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక. ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. ఇన్వర్టర్ సెట్టింగులో బ్యాటరీని ఎంత శాతం దాకా దించొచ్చో పెట్టుకునే వీలుంటుంది, మామూలు రోజుల్లో 30 దగ్గర ఆపండి, తుఫాను హెచ్చరిక రాగానే 100 చేసేయండి, అంటే లైన్లో కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీని అసలు దించొద్దని, గాలి మొదలయ్యేసరికి బ్యాటరీ నిండుగా ఉంటుంది.