ఇటలీకి కొత్తగా వచ్చారా? రోజూ ఓ అరగంట ఇటాలియన్ టీవీ చూడండి

మిలానోకో, తోరినోకో, బొలోన్యాకో చదువుకోడానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది "క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే కదా, ఇటాలియన్ ఎందుకు?" అంటారు. క్లాసు వరకు అది నిజమే. కానీ పెర్మెస్సో (ఇక్కడ ఉండేందుకు ఇచ్చే నివాస అనుమతి) పని మీద క్వెస్తూరాకు (పోలీసు ప్రధాన కార్యాలయానికి) వెళ్ళినా, అద్దె ఇంటి కోసం ఓనరుతో మాట్లాడినా, జ్వరమొచ్చి మందుల షాపుకు పోయినా చాలాచోట్ల ఇంగ్లిష్ అక్కరకు రాదు. ఇక్కడే స్థిరపడాలనుకుంటే దీర్ఘకాల నివాస పెర్మెస్సోకు ఏ2 (రోజువారీ చిన్న మాటలకు సరిపోయే స్థాయి), పౌరసత్వానికి దానికి పై మెట్టైన బీ1 స్థాయి ఇటాలియన్ ఉందని చూపించాలి. అందుకే వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.

ముందు ఫోన్‌లో రాయ్‌ప్లే యాప్ వేసుకోండి. ప్రభుత్వ టీవీ సంస్థ రాయ్‌ది, ఉచితం, రిజిస్టర్ అయితే చాలు. అద్దె ఇంట్లో టీవీ ఉంటే ఇంకా మంచిది. రాయ్ ఛానెల్ పెట్టి, టెలీవీదెయోలో (టీవీ తెర మీద అక్షరాల్లో సమాచారం చూపే రాయ్ టెలిటెక్స్ట్ సేవ) 777వ పేజీ నొక్కితే కింద ఇటాలియన్ సబ్‌టైటిల్స్ వస్తాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ జోలికి మాత్రం పోవద్దు. కళ్ళు ఇంగ్లిష్ చదవడం మొదలుపెడితే చెవులు వినడం మానేస్తాయి. యూట్యూబ్‌లో ఈజీ ఇటాలియన్ ఛానెల్ వాళ్ళు వీధుల్లో మామూలు జనాన్ని పలకరిస్తుంటారు, మొదటి నెలకు చాలా బాగుంటుంది. అందులో రెండు భాషల సబ్‌టైటిల్స్ ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ వరస మీద కాగితం ముక్క అడ్డం పెట్టుకోండి.

ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు చూసుకుంటూ పోతే కాలక్షేపమే తప్ప భాష రాదు. రెండు నిమిషాల సీను ఒకటి తీసుకోండి. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా వినండి. తర్వాత ఒక్కో మాట దగ్గర ఆపి, చెవికి ఎలా వినిపిస్తే అలా నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాయండి. ఆ తర్వాతే సబ్‌టైటిల్స్ పెట్టి సరిచూసుకోండి. తెలుగులో ఎందుకంటే, ఇంగ్లిష్ అక్షరాలు చూడగానే మన నోరు 'టుట్టో', 'గ్రాజీ' అనేస్తుంది. వినండి, వాళ్ళనేది 'తుత్తో', 'గ్రాత్సియే'. మన త, ద లు ఇక్కడ చక్కగా సరిపోతాయి. ద్విత్వాక్షరాలూ అంతే: 'నోనో' అంటే తొమ్మిదోది, 'నొన్నో' అంటే తాత. వేరే దేశాల క్లాస్‌మేట్లు ఈ తేడా పలకడానికి నెలల తరబడి తంటాలు పడతారు, అక్క, అన్న అంటూ పెరిగిన మనకు అది పుట్టుకతో వచ్చింది. రాసిన నాలుగు మాటల్నీ అదే యాసతో పైకి అనండి. రూమ్‌మేట్లు వింటున్నారని మొహమాటపడొద్దు.

ఏం చూడాలంటే, నేను మొదట చెప్పేది 'ఉన్ పోస్తో అల్ సోలే'. నాపోలిలో జరిగే ఈ సీరియల్ 1996 నుంచి రాయ్ 3లో వస్తోంది. ఇరుగుపొరుగు, వంటింటి గొడవలు, డబ్బు ఇబ్బందులు, అన్నీ మనకు రేపు అవసరమయ్యే మాటలే. ఎవరు ఎవరిని 'తూ' అంటున్నారో, ఎవరిని 'లెయ్' అంటున్నారో గమనించండి. మన నువ్వు, మీరు లాంటిదే. పరిచయం పెరిగాక "దియామోచి దెల్ తూ" (ఇక 'తూ' అనుకుందాం) అని ఒకరు అడగడం, అక్కడి నుంచి మాట తీరు మారిపోవడం సీరియల్ చూస్తే ఇట్టే పట్టుబడుతుంది. ఆఫీసుల్లో, ఓనరు దగ్గర మాత్రం 'లెయ్'తోనే మొదలుపెట్టండి.

కాస్త పట్టు దొరికాక సాయంత్రం రాయ్ 1లో 'లెరెదితా' క్విజ్ చూడండి. చివరి ఆట గిల్యొత్తీనాలో ఐదు పదాలు తెర మీద ఉంటాయి, ఆ ఐదింటికీ కుదిరే మరో పదాన్ని ఒక్క నిమిషంలో పట్టుకోవాలి. మీకు జవాబు దొరక్కపోయినా ఐదు పదాలూ రాసుకోండి. పోలీసు అధికారి నేరపరిశోధన సీరియల్ 'కమిస్సారియో మొంతల్బానో' కథలు గొప్పగా ఉంటాయి కానీ అందులో సిసిలీ యాస ఎక్కువ, తర్వాత చూడొచ్చు.

టీవీతో భాష ఏం వస్తుందని ఎవరైనా అంటే ఆల్బెర్తో మాంత్సీ గురించి చెప్పండి. 1960 నుంచి 1968 దాకా ఆ పంతులుగారు రాయ్‌లో పెద్ద కాగితాల మీద బొగ్గుతో బొమ్మలు గీస్తూ, చదువురాని ఇటలీ పెద్దవాళ్ళకే అక్షరాలు నేర్పారు. ఆ కార్యక్రమం పేరుకు అర్థం 'ఎప్పుడూ ఆలస్యం కాదు'.

ఇక మాట్లాడే అలవాటుకు మీ ఊళ్ళో చీపియా ఎక్కడుందో కనుక్కోండి. పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బడి అది, ఇటాలియన్ కోర్సులకు ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రమే. చేర్చుకునే ముందు మీ స్థాయి చూస్తారు. సీట్లు త్వరగా నిండిపోతాయి, సెప్టెంబరు మొదట్లోనే వెళ్ళి అడగండి. వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు, కోదిచే ఫిస్కాలే (ఇటలీ పన్ను గుర్తింపు సంఖ్య), పెర్మెస్సో లేదా దాని పోస్టాఫీసు రసీదు వెంట ఉంచుకోండి.