మాల్ట్ పాకం కాచే ముందు: హీటర్ సంగతి తర్వాత, రసం తిరుగుతోందా చూడండి

మొలకెత్తించి ఎండబెట్టిన చోళ్ళ (రాగుల) పిండిని వేడినీళ్ళలో నానబెట్టి, దిగిన తీపి రసాన్ని దగ్గరకి కాస్తే వచ్చేదే మాల్ట్ పాకం. ఎండలు ముదిరేలోపు దాన్ని కాచి పెట్టుకుందామని పంపు, హీటర్ సమకూర్చుకున్నవాళ్ళ కోసం ఇది. ముందే ఒక మాట. బీరు కాచేవాళ్ళు వాడే మాష్ పద్ధతే (పిండిని వేడినీళ్ళలో ఉంచి తీపిగా మార్చడం) ఇదీ, గిన్నె అదే, పంపు అదే, 66 డిగ్రీలూ అవే. కానీ ఇక్కడ చెప్పేది తీపి పాకం వరకే. లైసెన్స్ లేకుండా ఈస్ట్ వేసి పులియబెడితే మన ఆంధ్రప్రదేశ్‌లో 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం, సరదాకి కూడా అటు పోకండి.

అందరికీ టెన్షన్ హీటర్ గురించే. నిజానికి పని చెడేది పంపు దగ్గర. గిన్నె అడుగున జల్లెడ పళ్ళెం కింద నుంచి రసాన్ని పంపు లాగుతుంది, హీటర్ ఉన్న స్టీలు గొట్టంలోంచి పంపిస్తుంది, అది వేడెక్కి మళ్ళీ పైన పిండి మీద పడుతుంది. 2,000 వాట్ల హీటర్ పెట్టారనుకోండి. నిమిషానికి ఐదు లీటర్లు తిరుగుతుంటే గొట్టం దాటేసరికి రసం ఆరు డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అంటే 66లో వెళ్ళింది 72 దగ్గర బయటికొస్తుంది, పర్లేదు. అదే పిండి అడ్డుపడి నిమిషానికి రెండు లీటర్లకి పడిపోతే పెరుగుదల 14 డిగ్రీలు, రసం 80కి పోతుంది. పిండిని తీపిగా మార్చే ఎంజైముల్లో ఒకటి 70 దాటితే త్వరగా చచ్చిపోతుంది, రెండోది 80 దగ్గర పోతుంది. తమాషా ఏంటంటే మీ థర్మామీటర్ గిన్నెలో ఉంటే అది మాత్రం నింపాదిగా 65 చూపిస్తూనే ఉంటుంది, హీటర్‌ని వేసి ఆపే కంట్రోలర్ ఇంకా వేడి కావాలేమో అనుకుని హీటర్‌ని ఆపకుండా నడుపుతుంది. అందుకే కంట్రోలర్‌కి వేడి చెప్పే సెన్సార్ హీటర్ గొట్టం దాటిన చోట ఉండాలి. రెండోది గిన్నెలో పెట్టుకుంటే మంచిదే, కానీ హీటర్‌ని ఆపే అధికారం మాత్రం గొట్టం దగ్గర ఉన్నదానికే ఇవ్వండి.

రసం పూర్తిగా ఆగిపోతే ఇంకా ప్రమాదం. గొట్టంలో ఉన్న కాస్త రసం మరిగి, మాడి, ఆవిరికి దారి లేకపోతే పైపు ఊడి ఎగిరొస్తుంది. హీటర్‌కి రెండు వైపులా వాల్వులు పెట్టి రెండూ మూసేసే ఏర్పాటు అసలు వద్దు. పంపు ఆగితే హీటర్ కూడా ఆగిపోయేలా వైరింగ్ చేయించండి, ఫ్లో స్విచ్ (రసం కదలకపోతే హీటర్‌ని ఆపేసేది) దొరికితే అది కూడా పెట్టించండి, ఎందుకంటే పంపు తిరుగుతూనే రసం కదలకపోవడం కూడా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా అయితే ఈ గొట్టం హీటర్ జోలికి పోకుండా వేరే గిన్నెలో 70 డిగ్రీల నీళ్ళు ఉంచి, అందులో స్టీలు కాయిల్ ముంచి, రసాన్ని కాయిల్‌లోంచి తిప్పుకోవడం. నిదానంగా వేడెక్కుతుంది, నిజమే, కానీ బయట నీళ్ళు 70 దాటకుండా చూసుకుంటే లోపల రసం ఎంత మెల్లగా పోయినా 70 దాటదు.

పిండి అడ్డుపడకుండా ఉండాలంటే మరీ మెత్తగా పట్టించకండి, మిల్లులో గింజ పగిలేలా రవ్వగా పట్టమనండి. చోళ్ళు చిన్న గింజ కదా, ముద్ద కట్టేస్తుంది. దీనికి మన దగ్గరే మందుంది: ఊక. ఊళ్ళో రైస్ మిల్లు దగ్గర శుభ్రమైన వరి ఊక తెచ్చి, చెరిగి, రెండు మూడు నీళ్ళు కడిగి పిండిలో గుప్పెళ్ళతో కలిపితే మధ్యలో సందులు ఏర్పడి రసం దిగుతుంది. విదేశాల్లో బీరు కాచేవాళ్ళు ఇదే ఊకని ప్యాకెట్లలో కొనుక్కుంటారు! పంపు వేగం తగ్గించాలంటే బయటికి వెళ్ళే వైపు వాల్వే తిప్పండి, లాగే వైపు బిగిస్తే పంపు గాలి మింగి గరగరలాడుతుంది. నూకలు కలిపేవాళ్ళు ముందే మెత్తగా అన్నం వండి 70కి చల్లార్చి వేయాలి, బియ్యం ఈ వేడికి సరిగ్గా ఉడకదు. వేయించిన చోడిపిండి ఎంత కమ్మగా వాసనొచ్చినా పనికిరాదు, అందులో ఎంజైములు మిగలవు.

కూలర్ మోటార్ చవకగా వస్తుంది కదా అని వాడకండి, అవి చల్లనీళ్ళకి చేసినవి. వేడికి తట్టుకునే ఫుడ్ గ్రేడ్ మాగ్నెటిక్ పంపు, సిలికాన్ పైపు, ప్రతి జాయింట్‌కీ క్లిప్పు. పచ్చ గార్డెన్ పైపు ఈ వేడికి మెత్తబడి జారిపోతుంది. ఈ పంపు తనంతట తాను నీళ్ళు లాగలేదు, గిన్నె కన్నా కింద ఉండాలి. 66 డిగ్రీల తీపి రసం ఒంటి మీద పడితే ఒకటి రెండు సెకన్లలోనే బొబ్బలెక్కుతుంది, పైగా జిగురు, జారిపోదు. సెలవులకి వచ్చిన పిల్లల్ని ఆ గంటసేపు పెరట్లోకి రానివ్వకండి. ఒకవేళ పడితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి, పేస్టు పూయకండి.

కరెంట్ విషయం. 2,000 వాట్లంటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఫ్యాన్ ప్లగ్‌లో పెడితే కరిగిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా మొదలుపెట్టొద్దు, టెస్ట్ బటన్ నొక్కి అది పడుతుందో లేదో చూడండి. స్టీలు గిన్నెకి కూడా ఎర్త్ ఇప్పించాలి. ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతుంది, ముందు రోజు రెండు బిందెల నీళ్ళు పోయండి. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి ప్లగ్ ముట్టుకోకండి. మధ్యలో కరెంట్ పోతే ముందు హీటర్ స్విచ్ ఆపండి, మూత పెట్టి పాత దుప్పటి చుట్టండి, ఈ ఎండాకాలంలో వేడి అంత తొందరగా పడదు. ఇన్వర్టర్ ఉంటే పంపు ఒక్కటే దాని మీద నడపండి. కరెంట్ వచ్చాక రసం పైనుంచి ధారగా పడుతోందని కళ్ళతో చూశాకే హీటర్ వేయండి.

థర్మామీటర్‌ని మరిగే నీళ్ళలో పెట్టి చూసుకోండి. మన కోస్తా సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న నేల కాబట్టి దాదాపు 100 చూపించాల్సిందే. చలిదేశాల లెక్కల్లో పిండి కలిపే ముందు నీళ్ళు 72 అని ఉంటుంది, అది చల్లటి గింజకి. మన ఇంట్లో గింజే 35 డిగ్రీలుంటుంది, కిలోకి మూడు లీటర్లు పోస్తే 70 చాలు, అదే 66 దగ్గర స్థిరపడుతుంది. గంట తర్వాత చెంచాడు రసం తెల్ల సాసర్‌లో తీసి టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి, నల్లబడితే ఇంకా పిండి మిగిలుంది. ఆ చెంచాడు పారబోయండి, తిరిగి గిన్నెలో పోయకూడదు.

దిగిన రసాన్ని మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కాద్దాంలే అని వదిలేస్తే ఈ ఉక్కకి పులుపెక్కుతుంది, వెంటనే మరిగించి దగ్గరకి కాచేయండి. అది పొయ్యి మీద ఉండగానే పంపులోంచి, పైపుల్లోంచి వేడినీళ్ళు తిప్పి కడగండి, పాకం ఎండి ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) పట్టేస్తే మళ్ళీ విప్పాలి, ఆ చిన్న ఓ-రింగ్ (రబ్బరు రింగు) ఒకటి గచ్చు మీద పడిందంటే దొరకదండీ.